మిద్దె మీద సొరపాదుకు పిందె నిలబెట్టడం ఎలా?

సిటీలో కొత్తగా మొక్కల పిచ్చి పట్టినవాళ్ళు పుదీనా, కొత్తిమీర, తోటకూర అయ్యాక చాలావరకు సొరపాదు మీద పడతారు. ఆ పిచ్చి ముదరాలన్నా, దాని మీద విరక్తి పుట్టాలన్నా ఆ మొదటి సొరకాయ దగ్గరే తేలిపోతుంది. తీగ బ్రహ్మాండంగా పాకుతుంది, పూలు పూస్తాయి, వేలెడంత పిందె కనిపిస్తుంది, నాలుగు రోజులకు పసుపెక్కి రాలిపోతుంది. వెంటనే ఆవపిండి, పుల్ల మజ్జిగ, అరటితొక్కల నీళ్ళు, ఎవరేం చెబితే అది తెచ్చి పోస్తారు. చాలాసార్లు పాదుకు ఆకలేమీ లేదు. పువ్వుకు పుప్పొడి అందలేదు, అంతే.

తొట్టి, మట్టి, గింజ

దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. 200 లీటర్ల డ్రమ్మును సగానికి కోయించుకోండి, లేదంటే అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న గ్రో బ్యాగ్ తీసుకోండి. అడుగున కన్నాలు ఉండాలి. పెయింట్ బకెట్టే ఉందంటే అందులో పుదీనా పెట్టుకోండి, సొర వద్దు. ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సమానంగా కలిపి, రెండు గుప్పెళ్ళ వేపపిండి వేయండి. గింజలు రాత్రంతా నానబెట్టి జూన్-జులైలో గానీ, జనవరి-ఫిబ్రవరిలో గానీ నాటండి. రకం అడిగితే అర్క బహార్. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసింది, కాయ నిటారుగా వస్తుంది. రెండు మొలిస్తే ఒకటి పీకేయాలి. మనసొప్పకపోయినా పీకేయాలి.

పందిరి

నైలాన్ వల, గట్టి తీగ చాలు. బట్టలారేసే తీగకు మాత్రం కట్టొద్దు. ఎత్తు మీ చెయ్యి అందేంతే ఉండాలి, ఎందుకో కింద తెలుస్తుంది.

తీగ పందిరి ఎక్కాక ఒక్కసారి కొస తుంచండి. పక్క కొమ్మలు వస్తాయి, ఆడపూలు ఎక్కువగా వాటి మీదే పడతాయి. ఈమధ్య ‘త్రీజీ కటింగ్’ (కొమ్మకు కొమ్మ, దానికి మళ్ళీ కొమ్మ వచ్చేలా కొసలు తుంచడం) అంటూ వీడియోలు చూసి, ఆరు ఆకులు కూడా లేని మొక్కకు తల కోసేస్తున్నారు. పాదు గిడసబారిపోక ఏమవుతుంది?

అసలు పని సాయంత్రం

మొదట్లో కొన్నాళ్ళు మగపూలే పూస్తాయి, రాలిపోతాయి. టెన్షన్ పడొద్దు. మగపువ్వుకు సన్నటి పొడవాటి కాడ తప్ప కింద ఏమీ ఉండదు. ఆడపువ్వు కింద నూగుతో బుల్లి సొరకాయ ముందే తయారై ఉంటుంది. దాన్ని చూసి ‘కాయ పడింది’ అని ఇంటిల్లిపాదికీ ఫొటో పంపేస్తారు. ఇంకా పడలేదు. పుప్పొడి అందితేనే అది నిలుస్తుంది.

సొరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి, తెల్లారి ఎండ ఎక్కేసరికి వాడిపోతాయి. పొద్దున్నే కాఫీ కప్పుతో మిద్దెక్కి బ్రష్షు తిప్పేవాళ్ళకు ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పినట్టు లేరు. గుమ్మడి, కాకర, దోసకైతే పొద్దున సరే. సొర, బీర, పొట్లకు సాయంత్రమే. నేతిబీర బీరకు చుట్టమే అయినా దాని టైమ్ మళ్ళీ పొద్దున్నే. ఆఫీసు నుంచి ఏడున్నరకు వచ్చినా సొరకు ఆలస్యం కాదు, ఫోన్ లైటు వేసుకుని వెళ్ళండి.

ఆ సాయంత్రమే విచ్చుకున్న మగపువ్వును కాడతో సహా తెంపి, దాని రెక్కలు ఒలిచేయండి. మధ్యలో పసుపు ముద్ద ఉంటుంది. వేలితో తాకితే పొడి అంటాలి. అంటకపోతే ఇంకో పువ్వు చూసుకోండి. ఆడపువ్వు రెక్కలు మాత్రం తుంచొద్దు, పిందెను వేళ్ళతో నలపొద్దు, కాడ పట్టుకోండి. పువ్వు లోపల పుప్పొడిని అందుకునే కీలాగ్రం మూడు తమ్మెలుగా ఉంటుంది. మగపువ్వును మూడింటికీ మెల్లగా తాకించండి. అద్దాలి, రుద్దకూడదు. ఒకవైపే అంటితే కాయ వంకరపోవచ్చు, అందుకే రెండో మగపువ్వుతో మళ్ళీ ఒకసారి అద్దండి. బ్రష్షు, ఇయర్ బడ్ దండగ, పుప్పొడి సగం వాటికే అంటుకుంటుంది. ఆ రాత్రి పైనుంచి నీళ్ళు చల్లొద్దు, పాదు మొదలు దగ్గర పోయండి.

‘మా ఊళ్ళో పెంకుటింటి మీద ఎవరూ ఏమీ చేయకుండానే కాసేది’ అంటారు. కాసేది, నిజమే. చీకటి పడుతుండగా ఈ తెల్లపూల మీద వాలే చిమ్మటలు అక్కడ ఉండేవి. అయిదో అంతస్తు మీద, చుట్టూ కాంక్రీటు మధ్య వాటిని నమ్ముకుంటే ఆకులే కోసుకోవాలి.

తర్వాత

పుప్పొడి అందితే రెండు మూడు రోజుల్లో పిందె నిగనిగలాడుతూ సాగుతుంది. కొస నుంచి పసుపెక్కితే మరో పువ్వు కోసం చూడండి. సూదితో గుచ్చినట్టు చుక్క పడి జిగురు కారితే అది పండు ఈగ పని. అలాంటి పిందెలు తెంపి పారేసి, కొత్తగా నిలిచినవాటికి పల్చటి గుడ్డ సంచి తొడగండి. ఒక తొట్టి పాదు మీద ఒకేసారి మూడు కాయలు దాటనివ్వొద్దు.

12 నుంచి 15 రోజుల్లో కాయ కోతకు వస్తుంది. గోరు సులువుగా దిగాలి. అంగుళం కాడ ఉంచి కత్తితో కోయండి, మెలితిప్పితే తీగ చీలుతుంది. వండేముందు చిన్న ముక్క నాలుకకు తాకించండి. చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషపదార్థానిది, వండినా పోదు. ఇక ఆ కాయను జ్యూస్ చేసి తాగే ఆలోచనే పెట్టుకోవద్దు.