కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతోందా? ముందు దుమ్ము చూడండి

చెన్నైలో ఎండలు ముదిరాక పెరంబూరులోని మా ఇంట్లో డెస్క్‌టాప్ మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి ఆగి, మళ్లీ ఆన్ అయ్యేది. మా అమ్మాయి ప్రాజెక్టు పని రెండుసార్లు పోయింది. ఇంట్లో అందరికీ టెన్షన్. ఫార్మాట్ చేయిద్దామనుకున్నాం. దయచేసి మీరు ఆ తొందర పడకండి.

ముందు ఎప్పుడు ఆగుతోందో గమనించండి. గేమ్, వీడియో ఎడిటింగ్ లాంటి బరువైన పని మొదలుపెట్టిన కాసేపటికే ఆగితే వేడిని అనుమానించాలి. ప్రాసెసర్ మరీ వేడెక్కితే పాడైపోకుండా సిస్టమే ఆగిపోతుంది. ప్లగ్ తీసి, పక్క మూత విప్పి, ప్రాసెసర్ ఫ్యాన్ కింద ఉండే హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు రేకుల దిమ్మె) సందుల్లో చూడండి. మాకైతే అక్కడ దూది పరిచినట్టు దుమ్ము! మెత్తటి బ్రష్‌తో దులపండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి. చేయి పెట్టారు కాబట్టి ర్యామ్ (మెమరీ పలక) కూడా తీసి మళ్లీ గట్టిగా నొక్కి పెట్టండి. మాకు ఇంతటితోనే సరిపోయింది.

అయినా ఆగుతుంటే, విండోస్‌లో స్టార్టప్ అండ్ రికవరీ అనే సెట్టింగ్‌కి వెళ్లి ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ టిక్ తీసేయండి. అప్పుడు ఎర్రర్ చూపించే నీలం తెర వస్తే అలాగే నిలిచి ఉంటుంది, అందులోని కోడ్ రాసుకోవచ్చు. విండోస్ తనలో జరిగినవన్నీ నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అనే ఎంట్రీ కనిపిస్తే కంగారు వద్దు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని అది చెబుతుందే తప్ప కారణం చెప్పదు.

నీలం తెర కూడా రాకుండా టప్పున ఆగితే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) మార్చి చూడాలి. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది, మరీ చవకది మాత్రం కొనకండి. పాతదాన్ని అస్సలు విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.