పరాయి దేశంలో పిల్లలకు ఇంటి తిండి అలవాటు చేయడం ఎలా? అరబ్ తల్లుల వంటింటి నుంచి

అమెరికాలోని డియర్‌బర్న్‌లో 2020 జనాభా లెక్కల ప్రకారం సగానికి పైగా జనం అరబ్, పశ్చిమాసియా మూలాలున్నవాళ్లే. లెబనాన్, యెమెన్, ఇరాక్ నుంచి వచ్చిన తల్లులకు అక్కడ ఒకటే టెన్షన్: బడికెళ్లిన బిడ్డ పిజ్జా, నగెట్స్ తప్ప ఇంకేదీ ముట్టదేమోనని. ఇంటి వంటలు మానొద్దు. రెండు మూడు అలవాట్లు మార్చుకుంటే చాలు.

1. ఆరు నెలల వరకు తల్లిపాలే. రెండేళ్ల దాకా పాలివ్వమని ఖురాన్ చెబుతుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థా అదే అంటుంది. కడుపునొప్పికి సోంపులాంటి యాన్సూన్ కషాయం పట్టమని అమ్మమ్మ వీడియో కాల్‌లో ఎంత చెప్పినా, ఈ ఆరు నెలలూ వద్దు. పుట్టగానే అంగిలికి ఖర్జూరం రాసే ఆచారం ఉంది. కొందరు తేనె రాస్తారు. ఏడాది నిండేదాకా తేనె ప్రమాదం, బోటులిజం అనే విషజబ్బు రావచ్చు.

2. ఆరు నెలలు నిండాక షోర్బత్ అదస్. ఇది మన పప్పుకట్టుకు చుట్టమే. గుప్పెడు మసూర్ పప్పు, చిన్న ఉల్లిపాయ, క్యారెట్ ముక్కలు మెత్తగా ఉడికించి, చిటికెడు జీలకర్ర పొడి, చెంచా ఆలివ్ నూనె వేసి మెదపాలి. ఉప్పు వద్దు. దించాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండాలి. అందులోని సి విటమిన్ వల్ల పప్పులోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. పెద్దవాళ్లకు అదే గిన్నెలోంచి తీసి ఉప్పు కలుపుకోవచ్చు, వేరే వంట అక్కర్లేదు.

3. హమ్మస్ (ఉడికించిన శనగలు రుబ్బిన ముద్ద) మొదట అర చెంచాతోనే. అందులో నువ్వుల ముద్ద ఉంటుంది, కొందరికి నువ్వులు పడవు. దద్దుర్లు, వాంతులు వస్తే ఆపి డాక్టరుకు చూపించాలి.

4. రొట్టెతో తీపి టీ మాన్పించాలి. చాలా ఇళ్లలో పసివాళ్లకూ పోస్తారు. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు, చక్కెర పళ్లు పాడుచేస్తుంది. బదులుగా పాలు ఇవ్వొచ్చు, ఏడాది దాటాకే, రోజుకు రెండు కప్పులకు మించకుండా.

5. లంచ్ బాక్స్‌లో పల్చటి రొట్టెకు లబ్నే (నీళ్లు వడకట్టిన గట్టి పెరుగు) పూసి, కీరా, జాతర్ పొడి (ఎండు ఆకులు, నువ్వులు కలిపిన మసాలా) చల్లి చుట్టి పెట్టండి. చల్లారినా బాగుంటుంది. గమ్మీలు, మార్ష్‌మాలో కొనేముందు జెలటిన్ దేనితో చేశారో చూడాలి, చాలావాటిలో పందిది ఉంటుంది.

6. "నా కోసం ఇంకొక్క ముద్ద" అని బతిమాలకండి. ప్రేమతోనే అంటాం, కానీ కడుపు నిండిన సంగతి బిడ్డకే ముందు తెలుస్తుంది. తల తిప్పుకుంటే గిన్నె తీసేసి, అరబ్బులు అన్నట్టే "సహ్తైన్" అనండి. రెండింతల ఆరోగ్యం కలగాలని దాని అర్థం.