పింగ్ వెళ్తుంది, జవాబు రాదు: ప్యాకెట్ రేడియో మీద ఐపీ పెట్టేటప్పుడు వచ్చే చిక్కులు

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, రెండు మీటర్ల బ్యాండు హ్యాండీ (చేతిలో పట్టుకునే హామ్ రేడియో), ఒక యూఎస్‌బీ సౌండ్ కార్డు. ఈ మూడూ ఉంటే ప్యాకెట్ రేడియో మీద, అంటే డేటాను ముక్కలుగా (ప్యాకెట్లుగా) చేసి శబ్దంగా పంపే రేడియో మీద, ఇంటర్నెట్ భాష అయిన టీసీపీ/ఐపీ నడపొచ్చు. రేడియోలో వచ్చే కీచుమనే శబ్దాన్ని సౌండ్ కార్డు అందుకుంటుంది. డైర్‌వుల్ఫ్ అనే సాఫ్ట్‌వేర్ మోడెమ్ అందులోంచి ప్యాకెట్లు తీసి, కిస్ అనే, మోడెమూ కంప్యూటరూ మాట్లాడుకునే పద్ధతిలో లినక్స్ కెర్నల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి) ఇస్తుంది. కెర్నల్ దాన్ని ఏఎక్స్0 అనే నెట్‌వర్క్ పోర్టుగా చూపిస్తుంది. చూడ్డానికి అచ్చం ఈథర్‌నెట్ లాగే ఉంటుంది, మనం బోల్తా పడేది అక్కడే. అది సెకనుకి 1200 బిట్ల దారి. పైగా ఒకరు పంపుతుంటే మిగతావాళ్లంతా నోరు మూసుకుని వినాలి.

మొదటిసారి పెట్టినప్పుడు రెండు ఆదివారాలు రౌటింగ్ టేబుల్ (ఏ ప్యాకెట్ ఎటు పోవాలో చెప్పే పట్టిక) తవ్వాను. చివరికి చూస్తే తప్పు హ్యాండీ వాల్యూమ్ దగ్గరుంది. అందుకే కింది సమస్యల్ని రేడియో వైపు నుంచి కంప్యూటర్ వైపుకి పేర్చాను. పైది తేలకుండా కిందికి దిగకండి. వినడానికి సంబంధించినవి ఎవరైనా చేసి చూడొచ్చు కానీ, పంపడానికి మాత్రం హామ్ లైసెన్సు, మీ సొంత కాల్‌సైన్ (రేడియోలో మీ గుర్తింపు పేరు) ఉండాలి.

శబ్దం వినిపిస్తోంది, డైర్‌వుల్ఫ్ తెర మీద ఏమీ రావట్లేదు

ముందు స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు స్పీకర్‌ని మూసేసే సెట్టింగు) పూర్తిగా తెరిచేయండి. స్క్వెల్చ్ తెరుచుకోవడానికి పట్టే ఆ కాస్త సమయంలోనే ప్యాకెట్ తల తెగిపోతుంది. తల తెగిన ప్యాకెట్‌ను ఏ మోడెమూ చదవలేదు. హ్యాండీలో బ్యాటరీ సేవ్ ఉంటే అదీ ఆపండి. అది రిసీవర్‌ని కునుకు తీయిస్తూ లేపుతూ ఉంటుంది. మాటలకు ఆ తేడా తెలియదు, ప్యాకెట్‌కు తెలుస్తుంది.

తర్వాత లెవెల్. చదివిన ప్రతి ప్యాకెట్‌తో పాటు డైర్‌వుల్ఫ్ ఆడియో లెవెల్ అంకె చూపిస్తుంది. ఎక్కువ స్టేషన్లు 50 దగ్గర ఉండేలా పెట్టుకోండి. ఆల్సామిక్సర్ అనే లినక్స్ సౌండ్ సెట్టింగుల ప్రోగ్రాములో ఆటో గెయిన్ కంట్రోల్ అని కనిపిస్తే తీసేయండి.

నిన్న బాగానే ఉండి, రీబూట్ చేశాక మూగబోయిందా? అయితే సౌండ్ కార్డు నంబరు మారి ఉంటుంది. సెట్టింగుల ఫైలులో కార్డును నంబరుతో కాకుండా పేరుతో రాస్తే ఈ గొడవ మళ్లీ రాదు. పరికరం బిజీగా ఉందని ఎర్రర్ వస్తే డెస్క్‌టాప్ సౌండ్ సర్వీసు (పల్స్‌ఆడియో లేదా పైప్‌వైర్) దాన్ని ముందే పట్టుకుని ఉందని అర్థం. ఈ పనికి డెస్క్‌టాప్ లేని లినక్స్ వేసుకోవడమే హాయి.

మన ఊళ్లలో ఇంకో చిక్కుంది. చుట్టుపక్కల ప్యాకెట్ స్టేషనే ఉండకపోవచ్చు. వినడానికి ఎవరూ లేనప్పుడు తప్పు మనదో కాదో ఎలా తెలుస్తుంది? ఆకాశం వైపు చూడండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని ప్యాకెట్ రిపీటర్ ఆన్‌లో ఉన్నప్పుడు 145.825 మెగాహెర్ట్జ్‌లో 1200 బాడ్ మీదే పలుకుతుంది. అది మన మీదుగా పోయే పది నిమిషాల్లో డాబా ఎక్కి వింటే, నాలుగు ప్యాకెట్లు తెర మీద పడినా చాలు, వినే వైపు అంతా సరిగ్గా ఉన్నట్టే.

వినగలుగుతున్నాం, కానీ మనం పంపేది ఎవరికీ అందట్లేదు

రేడియో అసలు ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్తోందా? ఎర్ర లైటు వెలగకపోతే పీటీటీ (కంప్యూటర్ మాట్లాడే బటన్‌ను నొక్కే కనెక్షన్) చూడండి. సీరియల్ కేబుల్ వాడుతుంటే మీ యూజర్ డయల్‌అవుట్ గ్రూపులో ఉండాలి. వాక్స్ (శబ్దం రాగానే దానంతటదే ట్రాన్స్‌మిట్ చేసే సెట్టింగు) మీద ఆధారపడకండి. అది ఆలస్యంగా లేస్తుంది, ఆలస్యంగా పడుకుంటుంది. మనం ఇంకా ట్రాన్స్‌మిట్ ఆపకముందే అవతలి జవాబు వచ్చి పోతుంది.

లైటు వెలుగుతున్నా అందట్లేదంటే చాలాసార్లు శబ్దం మరీ ఎక్కువైందని అర్థం. డీవియేషన్ (శబ్దానికి రేడియో ఫ్రీక్వెన్సీ ఎంత ఊగుతుందో ఆ కొలత) 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఉండాలి. కొలిచే పరికరం లేకపోతే రెండో రేడియోలో వినండి. లెవెల్ మెల్లగా పెంచుతూ పోతే ఒక చోట అక్కడ వినిపించే శబ్దం పెరగడం ఆగిపోతుంది. అక్కడినుంచి బాగా వెనక్కి తగ్గండి. గట్టిగా అరిస్తే ఎక్కువ దూరం పోతుందనే భ్రమ ప్యాకెట్‌లో పనికిరాదు.

డైర్‌వుల్ఫ్ ఒక్కటే ఉన్నప్పుడు అందరికీ అందుతూ, కెర్నల్‌కి కలిపాక అందడం మానేస్తే దానికి కారణం వేరు. టీఎక్స్‌డిలే అంటే బటన్ నొక్కాక డేటా మొదలయ్యే ముందు ఆగే సమయం. డైర్‌వుల్ఫ్ ఫైలులో దీని కొలత 10 మిల్లీసెకన్లలో ఉంటుంది, అంటే 30 అని రాస్తే 300 మిల్లీసెకన్లు. కెర్నల్ వైపు ఇదే సెట్టింగు ఇచ్చే కిస్‌పార్మ్స్ కమాండులో మాత్రం నేరుగా మిల్లీసెకన్లు. అక్కడ కూడా 30 అని కొడితే రేడియో గొంతు సవరించుకునేలోపే ప్యాకెట్ సగం అయిపోతుంది. అక్కడ 300 అని ఇవ్వండి.

కిస్‌అటాచ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది

మోడెమ్‌ని కెర్నల్‌కి కలిపే కమాండు కిస్‌అటాచ్. పోర్టు పేరు దొరకలేదంటే యాక్స్‌పోర్ట్స్ ఫైలు చూడండి. ఒక్కో పోర్టుకు ఒక లైను, అందులో పేరు, కాల్‌సైన్, వేగం, ప్యాకెట్ పొడవు, విండో, వివరణ ఈ వరసలోనే ఉండాలి. ఏ రెండు పోర్టులకూ ఒకే కాల్‌సైన్ ఉండకూడదు. చివర -1, -2 అని మార్చుకోవచ్చు. లైన్ డిసిప్లిన్ గురించి ఫిర్యాదు చేస్తే కెర్నల్‌లో ఎంకిస్ మాడ్యూల్ ఎక్కలేదు, మోడ్‌ప్రోబ్‌తో ఎక్కించండి. కలపాల్సిన సీరియల్ పోర్టే లేదంటే మీరు డైర్‌వుల్ఫ్‌ని చిన్న పి ఆప్షన్ లేకుండా మొదలుపెట్టారు. ఆ ఆప్షన్ ఇస్తేనే అది ఉత్తుత్తి సీరియల్ పోర్టును తయారుచేస్తుంది.

మొదటి రెండు ప్యాకెట్లు పాడవుతున్నాయి, డైర్‌వుల్ఫ్ కిస్ ఎర్రర్ చూపిస్తోంది

కెర్నల్ డ్రైవరు అవతల ఉన్నది చెక్‌సమ్ తెలిసిన పాతకాలపు హార్డ్‌వేర్ మోడెమేమో అని పరీక్షించి చూస్తుంది. డైర్‌వుల్ఫ్‌కి ఆ భాష రాదు. కిస్‌అటాచ్ అయిన వెంటనే కిస్‌పార్మ్స్‌తో సి విలువ 1 ఇస్తే పరీక్ష మానేస్తుంది. బూట్ స్క్రిప్టులో ఈ లైను రాసి పెట్టుకోండి. లేకపోతే ప్రతి రీబూట్‌కీ ఇదే టెన్షన్.

పింగ్ వెళ్తుంది, జవాబు రాదు

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. సాఫ్ట్‌వేర్‌ని అనుమానించే ముందు ఒక చిన్న లెక్క వేయండి. పింగ్ అంటే ఉన్నావా అని అవతలి కంప్యూటర్‌ని అడగడం. ఆ ప్యాకెట్ హెడర్లన్నీ కలిపి సుమారు 100 బైట్లు, అంటే 800 బిట్లు. 1200 వేగంతో గాల్లో దాదాపు 0.7 సెకను. ముందు ఆగే 0.3 సెకను కలిపితే పోవడానికి ఒక సెకను, రావడానికి ఒక సెకను. మామూలు పింగ్ సెకనుకొకటి పంపుతుంది. అంటే అవతలివాడు నోరు తెరిచేలోపే మనం రెండో ప్రశ్న వేస్తున్నాం. అతనేమో దారి ఖాళీ అవుతుందని ఎదురుచూస్తున్నాడు. మన పింగే అతని జవాబుకు అడ్డం.

పింగ్‌కి ఐ ఆప్షన్‌తో 15 సెకన్ల విరామం ఇచ్చి మూడే మూడు పంపండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

అప్పటికీ రాకపోతే రెండో కిటికీలో యాక్స్‌లిజన్ (రేడియోలో వచ్చే పోయే ప్యాకెట్లను చూపించే కమాండు) తెరిచి చూడండి. ఏఆర్‌పీ ప్రశ్న, అంటే ఈ ఐపీ ఎవరిది అనే కేక, మాత్రమే పోతూ జవాబు లేకపోతే అవతలి స్టేషన్‌కి మన శబ్దం అందట్లేదు, లేదా అక్కడ ఐపీ తప్పుగా పెట్టారు. ఏఆర్‌పీకి జవాబు వచ్చి పింగ్‌కి రాకపోతే అవతలి ఫైర్‌వాల్‌నీ, వెనక్కి వచ్చే రూటునీ అడగండి.

పింగ్ వస్తూ టెల్నెట్ (అవతలి కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే, ఏదీ దాచని పాత పద్ధతి) నత్తనడక నడిస్తే అదీ ఇలాంటి తొందరపాటే. లినక్స్ టీసీపీ ఒక్క సెకను ఆగి, జవాబు రాలేదని అదే ముక్కను మళ్లీ పంపుతుంది. మళ్లీ పంపిందే దారిని నింపేస్తుంది. ఐపీ రూట్ కమాండులో ఆ నెట్‌వర్క్‌కి ఆర్‌టీఓ (మళ్లీ పంపే ముందు ఆగే సమయం) కనీస విలువను పెంచితే ఓపిక వస్తుంది. నేను 10 సెకన్లు పెట్టుకున్నాను.

ఎవరూ ముట్టుకోకుండానే రేడియో దానంతటదే ట్రాన్స్‌మిట్ చేస్తోంది

దయ్యం కాదు, అవాహి. ఇంటి నెట్‌వర్క్‌లో ప్రింటర్లను వెతికే ఈ సర్వీసు ఏఎక్స్0ను కూడా మామూలు ఈథర్‌నెట్ అనుకుని, నీ దగ్గర ప్రింటర్ ఉందా అని ఊరంతటినీ అడుగుతుంది, అదీ మీ కాల్‌సైన్ మీద. దాని సెట్టింగుల్లో ఏఎక్స్0ను నిషేధించండి. సాంబా (ఫైళ్లు పంచుకునే సర్వీసు) ఉంటే దాన్నీ అంతే. డీఫాల్ట్ రూటు (వేరే దారి చెప్పని ట్రాఫిక్ అంతా పోయే దారి) మాత్రం పొరపాటున కూడా ఏఎక్స్0 వైపు పెట్టకండి. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ రేడియోలో దిగడం మొదలవుతుంది.

పనిలో పనిగా ఎస్‌ఎస్‌హెచ్, హెచ్‌టీటీపీఎస్ పోర్టుల్ని కూడా ఫైర్‌వాల్‌లో ఏఎక్స్0 మీద మూసేయండి. అవి డేటాను సంకేతాల్లో దాచి పంపుతాయి, అర్థం దాచే సంకేత భాష హామ్ బ్యాండ్లలో పనికిరాదు. ఇక్కడ టెల్నెట్టే మర్యాద.

ట్రాన్స్‌మిట్ అవ్వగానే యూఎస్‌బీ ఊడిపోయి మళ్లీ తగులుతోంది

యాంటెన్నా మరీ దగ్గరుంది, దాని తరంగాలు కేబుళ్లలోకి దూరుతున్నాయి. రేడియోను తక్కువ పవర్‌లో పెట్టి, కేబుళ్లకు ఫెర్రైట్ పూసలు తొడిగి, యాంటెన్నాను బల్ల మీంచి డాబా మీదికి మార్చండి.

44 నెట్ టన్నెల్ పెట్టాక కొన్ని వెబ్‌సైట్లు తెరుచుకోవట్లేదు

44 నెట్ అంటే హామ్‌ల కోసం ఉన్న, 44తో మొదలయ్యే ఐపీ చిరునామాలు; వాటి ట్రాఫిక్‌ను ఇంటర్నెట్ మీదుగా మన ఇంటికి తెచ్చే దారే టన్నెల్. ఆ చిరునామాలన్నిటినీ 1981లో హ్యాంక్ మాగ్నుస్కీ అనే హామ్ సంపాదించి పెట్టాడు. ఒక కోటీ 67 లక్షల పైచిలుకు. 2019లో అందులో చివరి పావు భాగం, 44.192 నుంచి పైవన్నీ, అమెజాన్‌కి అమ్మేశారు. అంతకుముందు రాసిన గైడ్లన్నీ 44.0.0.0/8 మొత్తాన్నీ టన్నెల్‌లోకి తోయమంటాయి. అలా చేస్తే అమెజాన్ సర్వర్ల మీద నడిచే సైట్ల ట్రాఫిక్ కూడా హామ్ టన్నెల్‌లో పడి దారి తప్పుతుంది. ఆ రూటు తీసేసి, 44.0.0.0/9 ఒకటి, 44.128.0.0/10 ఒకటి, రెండు రూట్లు పెట్టండి.

టన్నెల్ అసలే లేవకపోతే మీ ఇంటి కనెక్షన్‌కి పబ్లిక్ ఐపీ ఉందో లేదో చూసుకోండి. మన దగ్గర చాలా ఇళ్లకు ఉండదు. ఒకే ఐపీని ఎంతోమందికి పంచుతారు. పాత పద్ధతి ఐపీఐపీ టన్నెల్ ఆ పంపకం దాటి లోపలికి రాదు. పబ్లిక్ ఐపీ ఉన్న అద్దె సర్వర్ దాకా వైర్‌గార్డ్ (ఒక రకం వీపీఎన్) వేసుకుని, టన్నెల్‌ను అక్కడ దింపాలి. అలా దింపాక ప్యాకెట్లు లోపలికి వస్తున్నట్టు టీసీపీడంప్ అనే ప్యాకెట్లు చూపించే కమాండులో కనిపిస్తూ, ప్రోగ్రాముకు చేరకపోతే కెర్నల్‌లోని ఆర్‌పీ ఫిల్టర్ వాటిని మింగేస్తోంది. వచ్చిన దారి, తిరిగి పోవాల్సిన దారి ఒకటి కాకపోతే అది అలాగే చేస్తుంది. ఆ ఇంటర్‌ఫేసు మీదా, ఆల్ అన్న చోటా దాని విలువ 2 చేసి మళ్లీ పింగ్ కొట్టండి, మధ్యలో 15 సెకన్లు ఆగుతూ.