మోకాలు ఆనించాల్సి వస్తే: బౌట్‌కి ముందే తెలుసుకోవాల్సిన జాగ్రత్తలు

టోర్నమెంట్ల సీజన్ మొదలయ్యే ముందు ప్రతిసారీ మా బాక్సింగ్ పిల్లలకి నేను చెప్పే మొదటి జాగ్రత్త పంచ్ గురించి కాదు, మోకాలి గురించి. దెబ్బ గట్టిగా తగిలింది, ఇంకో రెండు పడితే పనైపోతుంది అనిపించినప్పుడు కావాలనే ఒక మోకాలు కింద ఆనించి కౌంట్ (రిఫరీ పది దాకా లెక్కపెట్టేది, ఆలోపు లేవాలి) తీసుకోవచ్చా, అది తెలివా పిరికితనమా అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవడో ఒకడు అడుగుతాడు, అడగనివాడు మనసులో అనుకుంటాడు. నా మాట సూటిగా చెప్తున్నా: తీసుకోవచ్చు, అవసరమైతే తీసుకునే తీరాలి, కానీ దానికో రేటుంది, ఆ రేటు కట్టడానికి ఒప్పుకోవాలి, అంతకన్నా ముఖ్యంగా ఏ దెబ్బకి మోకాలు వేసి లేవాలో, ఏ దెబ్బకి మోకాలు వేసి ఇక లేవకూడదో రింగ్ ఎక్కకముందే తెలిసుండాలి.

ముందు రూల్ సంగతి. ఇది ఎవరో కనిపెట్టిన అడ్డదారి కాదు, 1743లో ఇంగ్లండ్ బాక్సర్ బ్రౌటన్ రాసిన రూల్స్‌లోనే మోకాళ్ల మీద ఉన్నవాణ్ని పడిపోయినట్టే లెక్కెయ్యాలి, కొట్టకూడదు అని ఉంది. 1867లో వచ్చిన క్వీన్స్‌బరీ రూల్స్ ఇంకా గట్టిగా చెప్పాయి, ఒక్క మోకాలు ఆనినా పడినట్టే, అప్పుడు కొడితే పందెం డబ్బు దెబ్బ తిన్నవాడిదే. కానీ ఈ రెంటికీ మధ్య వచ్చిన లండన్ ప్రైజ్ రింగ్ రూల్స్‌లో ఒక మెలిక ఉంది, దెబ్బ తగలకుండా కావాలని పడిపోతే ఓడినట్టే, ఎందుకంటే ఆ రోజుల్లో ఎవరైనా కింద పడితే రౌండ్ అయిపోయేది, అరనిమిషం రెస్ట్ దొరికేది, దాంతో ఊరికే పడిపోయేవాళ్లు ఎక్కువయ్యారు. ఇప్పటి అమెచ్యూర్ రూల్స్‌లో కూడా దెబ్బ తప్పించుకోవడానికి కావాలని పడిపోవడం ఫౌలే. గీత అక్కడుంది చూడండి, దెబ్బ తిన్నాక మోకాలు వేస్తే నువ్వు రూల్ వాడుకుంటున్నావు, దెబ్బ రాకముందే పడిపోతే రూల్‌ని దొంగిలిస్తున్నావు. మన కబడ్డీలో రైడ్‌కి వెళ్లినవాడు పాయింట్ దొరకదని తెలిసిన క్షణంలో గీత దాటి వెనక్కొచ్చేస్తాడు, వాణ్ని ఎవడూ పిరికోడు అనడు, బాక్సింగ్‌లో మాత్రం అదే పని చేస్తే ఎందుకంటారో నాకు అర్థం కాదు.

ఇక రేటు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో మోకాలు ఆనిందంటే నాక్‌డౌన్, మామూలుగా ఆ రౌండ్ 10-8 పోతుంది, అంటే అవతలివాడికి పది పాయింట్లు, నీకు ఎనిమిదే. అమెచ్యూర్‌లో కింద పడినంత మాత్రాన విడిగా ఒక పాయింట్ కోత పడదు, కానీ కౌంట్లు పోగవుతాయి, ఒకే రౌండ్‌లో మూడు పడితే సాధారణంగా బౌట్ ఆపేస్తారు, కాబట్టి మీ టోర్నమెంట్‌లో ఎన్ని కౌంట్లకి ఆపుతారో వెయిట్ చూసే రోజు పొద్దున్నే టెక్నికల్ మీటింగ్‌కి వెళ్లొచ్చిన కోచ్‌ని అడిగి తెలుసుకోండి, బౌట్ మధ్యలో కాదు.

ఈ రేటు కట్టకుండా మోకాలు వేస్తే ఎలా ఉంటుందో 2025 మార్చి 1న బ్రూక్లిన్‌లో అందరం చూశాం. ప్రపంచ ఛాంపియన్ జెర్వోంటా డేవిస్, ఛాలెంజర్ లామాంట్ రోచ్ ఫైట్, తొమ్మిదో రౌండ్‌లో డేవిస్ తనంతట తాను మోకాలు ఆనించాడు, లేచి సొంత కార్నర్‌కి వెళ్లి మొహం తుడిపించుకున్నాడు, జుట్టుకి రాసిన జిడ్డు కళ్లలోకి కారిందన్నాడు. రిఫరీ కౌంట్ మొదలెట్టి వదిలేశాడు, నాక్‌డౌన్ రాయలేదు. చివరికి ఒక జడ్జి 115-113 డేవిస్‌కి, ఇద్దరు 114-114, డ్రా. ఆ ఒక్క నాక్‌డౌన్ లెక్కలోకి వచ్చుంటే రోచ్ గెలిచేవాడు, ప్రపంచ టైటిల్ అతనిది అయ్యేది. నా లెక్కలో అన్యాయం మోకాలు వేయడంలో లేదు, కౌంట్ పడకపోవడంలో ఉంది. మీరెవరైనా కంట్లో చెమట పోయిందని మోకాలు వేస్తే మాత్రం మీకు ఇంత అదృష్టం ఉంటుందనుకోకండి, కౌంట్ పడుతుంది, పడాలి కూడా.

అసలు మోకాలు దేనికి పనికొస్తుందంటే పొట్ట మీద దెబ్బకి. పోయిన సీజన్‌లో మా కుర్రాడొకడు, పదిహేడేళ్లుంటాయి, రెండో రౌండ్ మధ్యలో అవతలివాడి ఎడమ హుక్ కుడి పక్కటెముకల కింద దిగింది. లివర్ షాట్, అంటే కాలేయం మీద పడే ఈ దెబ్బ, తలమీద దెబ్బలాంటిది కాదు, తగిలిన క్షణంలో ఏమీ అనిపించదు, మావాడు ఇంకో జాబ్ కూడా వేశాడు, ఆ తర్వాత మొహం మారిపోయింది, నోరు తెరుచుకుంది, మౌత్‌గార్డ్ సగం బయటికొచ్చింది, గాలి లోపలికి పోవట్లేదు. వాడు మోకాలు వెయ్యలేదు, ఎందుకంటే పైన మెట్ల మీద వాళ్ల బాబాయి, నలుగురు ఫ్రెండ్సు కూర్చుని ఉన్నారు. రెండు మోచేతులూ పొట్టమీదికి ముడుచుకున్నాయి, గడ్డం ఖాళీగా దొరికింది, కుడిచేతి పంచ్ నేరుగా అక్కడ పడింది. ఎనిమిది సెకన్లు మోకాలి మీదుంటే ఒక్క రౌండ్‌తో పోయేది, తలకి దెబ్బ తగలడంతో ఆ తర్వాత చాలా రోజులు వాడు గ్లోవ్స్ ముట్టుకోలేదు. ఆ రోజు తప్పు వాడిది కాదు, మాది, మోకాలు ఎలా వెయ్యాలో మేం ఒక్కరోజు కూడా ప్రాక్టీస్ చేయించలేదు.

ఇప్పుడు ప్యాడ్స్ చేయించేటప్పుడే చేయిస్తున్నాం. దెబ్బ తగిలింది, ఊపిరి ఆడట్లేదు అని తెలియగానే అరడుగు వెనక్కి జరిగి ఒక్క మోకాలే ఆనించాలి, రెండోకాలి పాదం నేలకి పూర్తిగా ఆని ఉండాలి, గ్లోవ్స్ చెంపల దగ్గరే ఉంచాలి, అవతలివాడు ఊపులో ఉంటాడు కాబట్టి చేతులు ముందే దించేస్తే ఇంకోటి తినడం ఖాయం. రెండు మోకాళ్లూ వేసి తల నేలకి ఆనిస్తే కౌంట్ పూర్తిచేయకుండానే రిఫరీ ఆపేయొచ్చు. చూపు కార్నర్ వైపు ఉండాలి, మేం వేళ్లతో లెక్క చూపిస్తాం, హాల్లో గోలకి రిఫరీ గొంతు వినపడకపోవచ్చు. నాలుగుకే ఎగిరి లేవొద్దు, రోషంగా లేచినంత మాత్రాన ఎవరూ ఎక్కువ పాయింట్లివ్వరు, ఎలాగూ ఎనిమిదిదాకా లెక్కిస్తారు, ఆ సెకన్లన్నీ నీవే. ముక్కుతో మెల్లగా గాలి తీసుకో, ఏడుకి లేవడం మొదలుపెట్టి ఎనిమిదికి నిలబడు, గ్లోవ్స్ ఎత్తి రిఫరీ కళ్లలోకి చూడు, ముందుకి నడవమంటే తడబడకుండా నడువు. తొమ్మిదిన్నర దాకా ఆగే లెక్కలు మనకొద్దు. బెల్ మోగితే బతికిపోతాం అనుకునేవాళ్లున్నారు, ప్రొఫెషనల్‌లో చాలాచోట్ల బెల్ మోగినా కౌంట్ ఆగదు. ఇంకోటి, మోకాలు వేస్తే లేవగలమని గ్యారంటీ ఏం లేదు, 2023 ఏప్రిల్‌లో లాస్ వెగాస్‌లో రయన్ గార్సియా ఏడో రౌండ్‌లో ఇలాంటి పొట్టదెబ్బకే మోకాలు వేశాడు, పది అయ్యేలోపు లేవలేకపోయాడు. అయినా అతను నడుచుకుంటూ ఇంటికెళ్లాడు, నాకు అది చాలు.

తలకి తగిలిన దెబ్బ దగ్గర మాత్రం నా మాట పూర్తిగా మారిపోతుంది, దయచేసి ఇక్కడ ఆగి చదవండి. 1995 ఫిబ్రవరి 25న లండన్‌లో నైజల్ బెన్, జెరాల్డ్ మెక్లెలన్ ఫైట్. మొదటి రౌండ్‌లోనే బెన్‌ని తాళ్ల మధ్యనుంచి బయటికి పడేసినవాడు మెక్లెలన్, అంత కొట్టేవాడు. రౌండ్లు గడిచేకొద్దీ అతను మాటిమాటికీ కళ్లు ఆర్పుతున్నాడు, మౌత్‌గార్డ్ నోట్లోంచి బయటికి వేలాడుతోంది. పదో రౌండ్‌లో ఒకసారి మోకాలు వేశాడు, లేచాడు, మళ్లీ మోకాలు వేశాడు, పది లెక్కించేశారు. చూసినవాళ్లకి ఇతను వదిలేశాడు అనిపించే దృశ్యం అది. కార్నర్‌కి వెళ్లాక కుప్పకూలాడు, మెదడులో రక్తం గడ్డకట్టింది, ఆపరేషన్ చేసి బతికించారు కానీ చూపు పోయింది, వినికిడి చాలావరకు పోయింది, అప్పట్నుంచీ అక్కచెల్లెళ్లే చూసుకుంటున్నారు. ఆ మోకాలు అతని ఒళ్లు చెప్పిన మాట. అందుకే ఎవరైనా మోకాలు వేస్తే ముందు మనం అడగాల్సింది ఎందుకు వేశాడని కాదు, లోపల ఏమైందని.

కాబట్టి తలకి తగిలాక ఒకటి రెండుగా కనిపిస్తున్నా, చెవుల్లో గుయ్యిమంటున్నా, కాళ్లు మాట వినకపోయినా, ఎన్నో రౌండో గుర్తు రాకపోయినా మోకాలు వేసి అక్కడే ఉండిపో, రిఫరీకి తల అడ్డంగా ఊపు. ఆ కౌంట్ మళ్లీ కొట్లాడటానికి కాదు. కార్నర్‌లో ఉన్నవాళ్లు కూడా బ్రేక్‌లో బాగున్నావా అని అడగొద్దు, బాగున్నా అనే చెప్తాడు ఎవడైనా, ఎన్నో రౌండు, ఏ చెయ్యి తగిలింది అని అడగండి, తడబడితే రింగ్‌లోకి టవల్ వేసి బౌట్ ఆపించేయండి.

కంటి దెబ్బ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 2017లో షెఫీల్డ్‌లో స్పెన్స్‌తో పదకొండో రౌండ్‌లో కెల్ బ్రూక్, 2020 నవంబర్‌లో జో జాయిస్‌తో పదో రౌండ్‌లో డేనియల్ దుబ్వా, ఇద్దరూ ఎడమ కన్ను చుట్టూ ఎముక విరిగి మోకాలు వేసినవాళ్లే. దుబ్వాని సొంత దేశం ఇంగ్లండ్‌లో మాజీ బాక్సర్లే వదిలేసి పారిపోయాడన్నారు, అతనికి అప్పుడు ఇరవై మూడేళ్లు. ఆ కన్ను మానింది, 2024 సెప్టెంబర్‌లో వెంబ్లీలో అతనే ఆంథొనీ జోషువాని ఐదో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. 2023 వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో మన నిజామాబాద్ హుసాముద్దీన్ మోకాలి గాయంతో సెమీఫైనల్ ఆడకుండా తప్పుకుని బ్రాంజ్‌తో వచ్చాడు, ఊళ్లో అతన్ని ఎవరైనా పిరికోడంటారా? కంటి చుట్టూ దెబ్బ తగిలి వాచినప్పుడు ముక్కు చీదొద్దు, ఎముక చిట్లి ఉంటే గాలి కంటి గూట్లోకి పోయి వాపు ఇంకా పెరుగుతుంది, తిన్నగా డాక్టర్ దగ్గరికే.

అవతలివాడు మోకాలు వేసినప్పుడు నీ జాగ్రత్త కూడా ఉంది. 1997 మార్చిలో అప్పటిదాకా ఓటమి తెలియని రాయ్ జోన్స్, మాంటెల్ గ్రిఫిన్ మోకాలి మీదున్నప్పుడు రెండు దెబ్బలు వేశాడు, డిస్‌క్వాలిఫై అయ్యాడు, రికార్డ్‌లో మొదటి ఓటమి అదే. మోకాలు నేలకి ఆనడం కనపడగానే చేతులు ఆపి ఇద్దరిదీ కాని న్యూట్రల్ కార్నర్‌కి వెళ్లిపో, నువ్వు వెళ్లేదాకా కౌంట్ సాగదు, అంటే నువ్వు ఆలస్యం చేసినకొద్దీ వాడికే రెస్ట్ ఎక్కువ.

ఇక ఇంట్లోవాళ్లకి. బరువు కోసం రెండ్రోజులు నీళ్లు మానిపించి పంపకండి, ఒంట్లో నీళ్లు లేకుండా తలకి దెబ్బ తింటే ప్రమాదం ఎక్కువని డాక్టర్లు చెప్తారు, పైగా ఆ నీరసంలో మోకాలు వెయ్యాలన్న ఆలోచన కూడా సమయానికి రాదు. బౌట్‌కి ముందురోజు ఫోన్ చేసి పరువు తియ్యకురా అనొద్దు, మావాడు ఆ రోజు మోకాలు వెయ్యకపోవడానికి ఆ మాట కూడా ఒక కారణం, నాతోనే చెప్పాడు. తలకి దెబ్బ తిన్నవాడు బండి నడపొద్దు, నొప్పికి సొంతంగా మాత్రలు వేసుకోవద్దు, డాక్టర్ ఒప్పుకునేదాకా స్పారింగ్ మాటే వద్దు. జిల్లా టోర్నమెంట్లు అయ్యాక పిల్లలంతా రాత్రి బస్సులో వెనక్కొస్తారు కదా, అలసిపోయి నిద్రపోతున్నాడులే అని వదిలేయకండి, పక్కన ఒకరు కూర్చుని మధ్యమధ్యలో లేపి పేరు, ఊరు అడగండి, తలనొప్పి పెరుగుతున్నా, వాంతులైనా, మాట తేడాగా ఉన్నా, కంటిపాపల్లో ఒకటి పెద్దగా కనిపించినా, లేపితే సరిగా లేవకపోయినా ఊరొచ్చేదాకా ఆగొద్దు, బస్సు అక్కడే ఆపించి 108కి ఫోన్ చేసి సీటీ స్కాన్ ఉన్న హాస్పిటల్‌కే తీసుకెళ్లమనండి.