బ్లాక్‌జాక్‌లో 16 వస్తే ఏం చేయాలి?

ఈ కాసినో పేకాటలో ముక్కల మొత్తం 21 దాటకుండా డీలర్ (ముక్కలు పంచే కాసినో మనిషి) కంటే ఎక్కువ తేవాలి. పోటీ అతనితోనే, పక్కవాళ్లతో కాదు. రాజు, రాణి, జాకీ పదేసి. ఆసు 1 గానీ 11 గానీ. మొదటి రెండు ముక్కలే ఆసు, పది అయితే బ్లాక్‌జాక్. మీరు 21 దాటారా, పందెం అప్పుడే పోయినట్టు. తర్వాత డీలర్ దాటినా తిరిగి రాదు.

చిక్కంతా ఆసు లేని 16తోనే. డీలర్ ముందు తెరిచిన ముక్క 2 నుంచి 6 లోపైతే ఆగండి. 16 వరకూ అతను ముక్క తీయక తప్పదు. చిన్న ముక్కతో మొదలైతే 21 దాటే అవకాశం పెరుగుతుంది. 7 గానీ అంతకంటే పెద్దది గానీ అయితే, భయమేసినా ఇంకో ముక్క అడగండి. ఆ 16 రెండు ఎనిమిదులైతే మాత్రం రెండు వేరు ఆటలుగా విడదీసి, రెండో పందెం కాయండి.

ఇన్సూరెన్స్ (డీలర్‌కు బ్లాక్‌జాక్ ఉందని కాసే అదనపు పందెం) జోలికి వెళ్లొద్దు. కూర్చునే ముందు బల్ల మీది రాత చూడండి: బ్లాక్‌జాక్‌కు 3:2 అయితే వందకు 150 గెలుస్తారు, 6:5 అయితే 120 మాత్రమే.