మిట్ట మధ్యాహ్నం వెళ్తే పిట్ట కూడా కనపడదు: నెల్లూరు, ప్రకాశం వైపు చెరువులు, కొండలు, కోనలు చూసే పద్ధతి

ముందు మా ఇంటి కథ ఒకటి చెప్తా. కొన్నేళ్ల కిందట మే నెలలో పిల్లలకు సెలవులని అక్కావాళ్లు హైదరాబాద్ నుంచి వచ్చారు. నేను ఊరికే ఉండక, "నేలపట్టు పదండి, కొన్ని వేల పక్షులు చూపిస్తా" అని కారు తీయించాను. ఇంట్లో భోజనాలు చేసి, తాంబూలం వేసుకుని తీరిగ్గా బయల్దేరి రెండింటికి అక్కడ దిగాం. చెరువులో నీళ్లు అడుగంటాయి, చెట్ల మీద ఖాళీ గూళ్లు మాత్రం ఉన్నాయి. అక్క చుట్టూ ఒకసారి చూసి, "ఏరా, ఇంత ఎండలో తిప్పి చూపించింది ఈ ఎండిన చెరువా?" అంది. ఇప్పటికీ ఎవరైనా పక్షుల మాట ఎత్తితే ఆ మాటే అంటుంది.

తప్పు చెరువుది కాదు, నాది. మన జిల్లాల్లో చూడదగ్గ చోట్లు బోలెడున్నాయి, దారులూ పెద్ద కష్టమేం కాదు, కానీ నెల తప్పినా వేళ తప్పినా ఏమీ కనపడదు. అందుకే ఎక్కడికి అనేదాని కంటే ఎప్పుడు అనేదే ఎక్కువ చెప్తాను.

మొదట వానల సంగతి. నెట్‌లో ఏ ట్రావెల్ పేజీ చూసినా "జలపాతాలకు జులై, ఆగస్టు బెస్ట్" అని ఉంటుంది, అది గోదావరి జిల్లాలకో తెలంగాణకో సరిపోతుంది గానీ నెల్లూరికి కాదు. మనకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, అదీ వాయుగుండాలు పట్టినప్పుడు రెండు మూడు రోజులు కుమ్మేసి పోతుంది. జులైలో మన దగ్గర వడగాలే. కాబట్టి జలపాతాలకు నవంబర్, డిసెంబర్, పక్షులకు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి, కొండలెక్కడానికి జనవరి. మార్చి సగం దాటాక ఇంట్లో కూర్చుని మజ్జిగ తాగడం మేలు.

ఇక నేలపట్టు. దొరవారిసత్రం మండలంలో, నాయుడుపేట దాటాక చెన్నై హైవే నుంచి కొంచెం లోపలికి వెళ్తే వస్తుంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు అది తిరుపతి జిల్లాలోకి పోయింది, సూళ్లూరుపేట కూడా పోయింది, కానీ మేం ఇంకా "మన నేలపట్టు" అనే అంటాం, గూడబాతులకు, అదే పెలికాన్లకు, జిల్లా సరిహద్దులు ఎవరూ చెప్పలేదు కదా. 1976లో దీన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు, విస్తీర్ణం దాదాపు 459 హెక్టార్లు. చెరువు నీళ్లలోనే నిలబడి ఉండే కడప అనే రకం చెట్లు దీని ప్రత్యేకత. చుట్టూ నీళ్లుంటే పిల్లులూ నక్కలూ గూళ్ల జోలికి రాలేవు, అందుకే గూడబాతులు వాటి మీదే గూళ్లు కడతాయి. వాన బాగా పడి చెరువు నిండిన ఏడు చెట్ల మీద ఖాళీ ఉండదు. వాన తప్పిన ఏడు గూళ్లు తగ్గుతాయి, ఆ సంవత్సరం వెళ్లి తిట్టుకోవద్దు.

ఒక అపోహ తీర్చాలి. "సైబీరియా నుంచి వచ్చే పెలికాన్లు" అని బోర్డుల మీద కూడా చూశాను. ఇక్కడ గూడు కట్టే గూడబాతుకు సైబీరియాతో సంబంధం లేదు, అది దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లో బతికే పక్షి. చలికాలంలో ఉత్తరం నుంచి దిగేవి ఎక్కువగా సూదితోక బాతుల్లాంటి రకాలు. గూడబాతుతో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, తెడ్డుమూతి కొంగలు అదే చెట్టు పంచుకుంటాయి. పిల్లలకు "ఎన్ని రకాలు కనిపెడతావో చూద్దాం" అని చెప్పి వదిలేయండి, మీకు గంట సేపు ప్రశాంతం.

వేళ విషయానికొస్తే, గేటు తెరిచేసరికి అక్కడ ఉండాలి. నీటికాకులు, చిన్న కొంగలు తెల్లారగానే మేతకు పోతాయి. గూడబాతు మాత్రం ఒళ్లు బరువైన పక్షి, ఎండెక్కి వేడిగాలి పైకి లేస్తే దాని మీద రెక్కలు చాపి గుండ్రంగా తిరుగుతూ పైకెళ్తుంది, అది తొమ్మిది, పది మధ్య చూడాల్సిన వేడుక. అక్కణ్ణుంచి పులికాట్ సరస్సు దాకా ఎగిరి చేపలు పట్టి మళ్లీ పిల్లల దగ్గరికి తిరిగొస్తాయి. ఆ తర్వాత మధ్యాహ్నం మూడున్నర దాకా చప్పగా ఉంటుంది. సాయంత్రం గుంపులుగా గూళ్లకు చేరేటప్పుడు మళ్లీ సందడి. వాచ్ టవర్ ఎక్కి ఒక మూల కూర్చోండి, కదలకుండా పావుగంట. చాలామంది టవర్ ఎక్కడం, సెల్ఫీ, దిగడం, అయిదు నిమిషాల్లో పని ముగిస్తారు, ఆపైన "ఏం లేదక్కడ" అంటారు.

గూళ్లలో పిల్లలున్నప్పుడు అరవకండి, చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపకండి, అలా చేసి వీడియో తీసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తల్లి లేచిపోతే కాకులు, గద్దలు గుడ్ల మీద పడతాయి. డ్రోన్ ఊసే వద్దు.

పొద్దున నేలపట్టు చూసుకుంటే సాయంత్రానికి పులికాట్. ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే వెళ్తుంది. కారులో కూర్చుని రెండు పక్కలా నీళ్లు చూస్తూ వెళ్లే రోడ్డు మన వైపు ఇంకోటి లేదు. రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, ఈ రోడ్డు పక్కన నిలబడతాయా లేదా అనేది నీటి లోతును బట్టి ఉంటుంది. వాటి కాళ్లు ఎంత పొడుగైనా తల తిరగేసి ముక్కుతో బురద వడకట్టి తినాలి కాబట్టి లోతు తక్కువ కావాలి. డిసెంబర్‌లో వానలు గట్టిగా పడితే సరస్సు నిండిపోయి అవి దూరంగా గులాబీ గీతలా కనపడతాయి, జనవరి ఆఖర్లో నీరు తగ్గాక దగ్గరికొస్తాయి. నా లెక్కలో సంక్రాంతి దాటాక రెండు మూడు వారాలు మంచి సమయం.

ఇంకో చిట్కా, ఇది నేను నాలుగైదు సార్లు ఫోటోలు పాడుచేసుకుని నేర్చుకున్నది. రోడ్డు పడమటి నుంచి తూర్పుకు పోతుంది, చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపే ఒరిగి ఉంటాడు. కాబట్టి శ్రీహరికోట వైపు వెళ్తుంటే మీ ఎడమ పక్క, అంటే ఉత్తరం వైపు పక్షులకు వెలుగు చక్కగా పడి రంగు తెలుస్తుంది, కుడి పక్కవన్నీ నల్లటి బొమ్మల్లా వస్తాయి. కారు పూర్తిగా రోడ్డు దిగి పక్కన ఆపండి, ఆ రోడ్డు మీద షార్ (శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ కేంద్రం) బస్సులు, లారీలు వేగంగా వస్తాయి, గేదెలు అడ్డంగా నిలబడతాయి. కారు దిగకుండా అద్దం దించి చూస్తే పక్షులు అంతగా బెదరవు, దిగి నీళ్ల వైపు నాలుగడుగులు వేశారో గుంపు మొత్తం లేస్తుంది. చివర్లో షార్ చెక్‌పోస్టు ఉంది, పాస్ లేకుండా లోపలికి పంపరు, వాళ్లతో వాదించి లాభం లేదు, వెనక్కి తిరగండి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు పక్షుల కోసం రావొద్దు, ట్రాఫిక్‌లోనే పొద్దు పోతుంది. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజులకూ అదే మాట. 2001లో మొదలైన పండగ, జరిగిన ఏడాది జాతర బాగుంటుంది, స్టాళ్లు, డాన్సులు, అన్నీ ఉంటాయి, కానీ పక్షి కోసమైతే దానికి ముందు వారమో తర్వాత వారమో మామూలు బుధవారం రండి. పడవ ఎక్కాలని పిల్లలు గొడవ చేస్తే తడ దగ్గర భీములవారిపాలెం రేవు ఉంది, లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కకండి.

కారు లేనివాళ్లు రైల్లో సూళ్లూరుపేటలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. రేటు ఎక్కేముందే తేల్చుకోండి, మధ్యలో ఆపి చూస్తామని కూడా ముందే చెప్పండి, లేకపోతే అతను గడియారం చూస్తుంటాడు, మీకు టెన్షన్. బైనాక్యులర్ ఒకటి ఉండాలి, ఎనిమిది రెట్లు చూపించేది చాలు, అంతకన్నా ఎక్కువైతే చెయ్యి వణికి బొమ్మ ఊగుతుంది. ఫోన్ కెమెరాలో పక్షి తెల్ల చుక్కగానే వస్తుంది. పక్షి పేరు తెలియకపోతే దాన్ని గుర్తుపట్టి చెప్పే మెర్లిన్ యాప్ ముందే దించుకుని పెట్టుకోండి, సిగ్నల్ లేని చోట కూడా పనికొస్తుంది. తెల్ల చొక్కా, మిరపపండు రంగు చీర కాకుండా మట్టి రంగు బట్టలు. భోజనానికి పులిహోర, పెరుగన్నం కట్టుకుపోవడమే ఉత్తమం. తెల్లారుజామున దారిలో కారం దోశ దొరికితే వదలొద్దు గానీ దాని కోసం గంట ఆగొద్దు.

కొండలు ఇష్టమైతే ఉదయగిరి. దుర్గం మూడు వేల అడుగుల పైమాటే, నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా వంద కిలోమీటర్లు అటూ ఇటూ. శ్రీకృష్ణదేవరాయలంతటి వాడు దీన్ని ముట్టడించి ఒడిశా గజపతి రాజుల దగ్గర్నుంచి తీసుకునేసరికి ఏడాది దాటింది, 1514లో చేతికొచ్చింది, ఇక్కణ్ణుంచి తీసుకెళ్లిన బాలకృష్ణ విగ్రహానికే హంపిలో గుడి కట్టించాడు. కింద నుంచి ఆ రాతి గోడల్ని చూస్తే అంతకాలం ఎందుకు పట్టిందో అర్థమవుతుంది. తెల్లవారకముందే ఎక్కడం మొదలుపెట్టాలి, పది దాటితే రాయి కాలుతుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పైన దొరకవు. దారి కొన్నిచోట్ల పొదలు కమ్మేసి చీలిపోతుంది, ఊళ్లో పశువులు కాసే కుర్రాణ్ణి ఎవర్నైనా తోడు తీసుకుని నాలుగు డబ్బులివ్వండి, అతనికి తెలిసిన దారి గూగుల్ మ్యాప్‌కి తెలియదు. నేను ఒకసారి మొండిగా ఒక్కణ్ణే వెళ్లి, దిగేటప్పుడు తప్పు చీలిక పట్టి, ముళ్లల్లో రెండు గంటలు తిరిగాను. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టొద్దు, రక్తపింజర్లుంటాయి. దిగాక ఊళ్లో చెక్క గరిటెలు, చెంచాలు చేసేవాళ్ల ఇళ్లకు వెళ్లండి, చెక్కేటప్పుడు చూడొచ్చు. మా ఇంట్లో ఆ గరిటెతోనే ఇప్పటికీ ఉప్మా కలుపుతారు.

రాపూరు దగ్గర పెంచలకోన గుడి అందరికీ తెలిసిందే, వెనక కోనలోకి నడిస్తే జలపాతం వస్తుందని చాలామంది పట్టించుకోరు. వాన పడిన వారం లోపల వెళ్లాలి, కానీ వాన పడుతున్నప్పుడు కాదు. వెలుగొండల్లో పైన కురిస్తే కింద మీకు ఎండ కాస్తున్నా వాగు ఒక్కసారి పొంగుతుంది. నీళ్ల రంగు మట్టిగా మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కండి. కోతుల ముందు కవర్ తీయకండి.

ప్రకాశం వైపు నాకు తక్కువ తెలుసు, వెళ్లినవి మూడు. సీఎస్‌పురం మండలంలో భైరవకోన, కొండరాతిలోనే తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం, కార్తీక పౌర్ణమికి జనం కిక్కిరిసిపోతారు కాబట్టి ఆ మరుసటి వారం హాయి. కంభం చెరువు గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర కాలంలో కట్టినది, 2020లో దీనికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది, కట్ట మీద సాయంత్రం కూర్చుంటే లేవబుద్ధి కాదు. మూడోది గిద్దలూరు నుంచి నంద్యాల వైపు పగటిపూట రైలు ప్రయాణం, దిగువమెట్ట దాటాక కిటికీ పక్క సీటు దొరికితే నల్లమల అంతా ఉచితంగా చూపిస్తుంది.

ఆ దారిన శ్రీశైలం కూడా చూసొద్దామనుకుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. దోర్నాల నుంచి పైకి వెళ్లే రోడ్డు పులుల అడవి గుండా పోతుంది, రాత్రి తొమ్మిదికి గేటు మూస్తారు, పొద్దున ఆరింటికి తీస్తారు. తొమ్మిది దాటాక చేరుకుంటే దోర్నాలలోనే పడుకోవాలి.