మన బండి మనమే చూసుకుందాం - 4వ పాఠం: డబ్బా వెనక చదవడం

పోయిన పాఠంలో బైకు డిప్‌స్టిక్ తుడిచి ఇంజన్ ఆయిల్ మట్టం చూశాం. తగ్గితే ఏది పోయాలి? ఇంట్లో కారుకి తెచ్చిన డబ్బాలో లీటరు మిగిలి ఉంటే అదే పోసేయొచ్చా?

నేను పోశాను. 5డబ్ల్యూ30 (ఆయిల్ ఎంత చిక్కనో చెప్పే అంకెలివి, పెద్దవైతే చిక్కన), ఖరీదైన సరుకే. ఊళ్లో ఏమీ తెలియలేదు. ఘాట్ ఎక్కుతుంటే నాలుగో గేరులో యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ గోల పెడుతోంది తప్ప బండి కదలదు. రెండుసార్లు ఆయిల్ మార్చాక గానీ క్లచ్ దారికి రాలేదు.

క్లచ్ కవర్ విప్పినప్పుడు చూడండి. ఒక ఉక్కు ప్లేటు, ఒక గరుకు ప్లేటు, మళ్లీ ఉక్కు, మళ్లీ గరుకు. అన్నీ ఇంజన్ ఆయిల్లోనే నానుతూ, ఆ తడిలోనే ఒకదాన్నొకటి పట్టుకోవాలి. కారు క్లచ్ పొడిగా వేరే ఉంటుంది. అందుకే మైలేజీ కోసం కారు ఆయిళ్లలో, ముఖ్యంగా పల్చటివాటిలో, రాపిడి తగ్గించే మందు కలుపుతారు. కారుకి మేలు చేసే ఆ జారుడే మన ప్లేట్ల పట్టు వదిలిస్తుంది.

ఇంకోటి, బైకులో గేర్లు తిరిగేదీ ఆ ఆయిల్లోనే. పళ్ల మధ్య నలిగి ఆయిల్ త్వరగా పల్చబడుతుంది, గేర్లు గట్టిగా పడతాయి.

ఇక డబ్బా తిప్పండి. ముందున్న బైకు బొమ్మని నమ్మకండి, అది అమ్మకం కోసం. వెనక 'జాసో' అని ఉందా? తడి క్లచ్ కోసం జపాన్ వాళ్లు 1998లో తెచ్చిన ప్రమాణం అది. పక్కన ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉంటే గేర్ల బండికి పనికొస్తుంది. రెండోది ఇంకా గట్టిగా పట్టే రకం. ఎంబీ ఉంటే గేర్లులేని స్కూటర్లకే. వాటి క్లచ్ ఆయిల్లో మునగదు కాబట్టి జారుడుతో పేచీ లేదు. గుండ్రటి ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ముద్ర అడుగున 'రిసోర్స్ కన్జర్వింగ్', అంటే ఇంధనం ఆదా చేసే రకం, అని ఉండి, జాసో లేకపోతే అక్కడే పెట్టేయండి. కొన్ని చిక్కటి కారు ఆయిళ్లు బైకులో బాగానే నడుస్తాయని మెకానిక్‌లు చెప్పేది అబద్ధమేం కాదు. కానీ ముద్ర లేనిదాన్ని చూసి ఏది జారుతుందో మనం చెప్పలేం.

అభ్యాసం: మీ బండి మాన్యువల్ 10డబ్ల్యూ30, ఎంఏ అంటోంది. షాపులో 10డబ్ల్యూ30 ఎంబీ, 10డబ్ల్యూ30 ఎంఏ2, 20డబ్ల్యూ50 ఎంఏ2 ఉన్నాయి. ఏది తీసుకుంటారు, మిగతా రెండూ ఎందుకు వద్దు? రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో పాత ఆయిల్ దింపుతాం. డ్రెయిన్ బోల్టుకి సరిపడే రింగు స్పానర్, ఒక పాత తట్ట దగ్గర పెట్టుకోండి.